నిటారుగా నిలబడే ముంగిస

2019లో ‘ది లయన్ కింగ్’ తెలుగులోకి వచ్చినప్పుడు అందులోని టిమోన్ అనే మీర్‌క్యాట్‌కు అలీ, దాని జతగాడు పుంబా అనే అడవిపందికి బ్రహ్మానందం గొంతునిచ్చారు. 2024లో వచ్చిన ‘ముఫాసా’లోనూ ఆ జంట మారలేదు. హన్మకొండలోనో కరీంనగర్‌లోనో ఆ సినిమా చూసిన పిల్లలకు మీర్‌క్యాట్ కొత్త జంతువులా కాక, మాటతీరూ విరుపులూ ముందే తెలిసిన మనిషిలా పరిచయమైంది. మన దేశపు అడవుల్లో ఎక్కడా లేని జంతువు ఇంత దగ్గరిదైపోయింది. దాని కుటుంబంలోదే అయిన ముంగిస పత్తిచేను గట్టు మీద, చెరువు కట్ట తుమ్మల కింద, ఊరి చివర చెత్తకుప్పల దగ్గర తరచూ కనిపిస్తూనే ఉంటుంది. అయినా దాని గురించి పిల్లలకు చెప్పేది ఒక్కటే, అది పామును చంపుతుందని.

ఒకే కుటుంబంలోని రెండు జంతువుల్లో ఒకటి నవ్వించే స్నేహితుడూ మరొకటి పాముల పాలిటి శత్రువూ కావడానికి వాటి స్వభావాల్లోని తేడా కొంతవరకే కారణం. మిగతాదంతా కథల పని. ఒక జంతువును తీసుకున్నప్పుడు కథ దాని బతుకులోంచి ఏ ముక్కను కోసుకుంటుంది, దేన్ని వదిలేస్తుంది అన్నది మీర్‌క్యాట్ విషయంలో చాలా స్పష్టంగా కనిపిస్తుంది. వదిలేసిన ముక్క ఏమిటో చెప్పగల పరిశీలన దీని విషయంలో ముప్పై ఏళ్లకు పైగా, ఒకే చోట, ఒకే పద్ధతిలో సాగుతుండడమే అందుకు కారణం. దక్షిణాఫ్రికాలోని కురుమాన్ నది అభయారణ్యంలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ క్లటన్-బ్రాక్ నాయకత్వంలో 1993లో మొదలైన కలహారి మీర్‌క్యాట్ అధ్యయనంలో ప్రతి జంతువునూ విడిగా గుర్తుపడతారు. ఉడకబెట్టిన గుడ్డు ముక్క ఆశ చూపి, వాటిని తమంతట తామే త్రాసు ఎక్కేలా అలవాటు చేశారు. ఒక అడవి జంతువు పుట్టుక నుంచి చావు దాకా ఎప్పుడు ఎంత బరువుందో, ఎవరి పిల్లను ఎవరు మోశారో, ఎవరిని ఎవరు తరిమారో ఇంత వివరంగా నమోదైన సందర్భాలు లోకంలో ఎక్కువ లేవు.

ముంగిసల కుటుంబంలో ముప్పైకి పైగా జాతులున్నాయి. వాటిలో ఆరు భారతదేశంలో ఉన్నాయి. వరంగల్ చుట్టుపక్కల పొలాల్లో ఎక్కువగా కనిపించేది బూడిదరంగు ముంగిస. రాతిగుట్టలూ అడవీ కలిసిన చోట్ల తోక కొస నల్లగా ఉండే ఎర్రముంగిస బతుకుతుంది. మీర్‌క్యాట్ ఈ కుటుంబంలోని చిన్న జంతువుల్లో ఒకటి. బరువు ముప్పావు కిలోకు అటూఇటూ, తోక కాకుండా పొడవు అడుగు లోపే. దక్షిణాఫ్రికా, బోట్స్‌వానా, నమీబియా, అంగోలా నైరుతి మూల, ఇంతవరకే దాని నేల. ఆ నేలంతా ఇసుక, ఎండుగడ్డి, అక్కడక్కడా ముళ్లచెట్లు.

మన ముంగిస ఒంటరిగా తిరుగుతుంటే మీర్‌క్యాట్ గుంపుగా ఎందుకు బతుకుతుంది అన్న ప్రశ్నకు తిండిలోనే సగం జవాబుంది. బూడిదరంగు ముంగిస ఎలుకలు, తొండలు, పాములు, పక్షిగుడ్లు తింటుంది. ఒక ఎలుకను ఒక్కరే పట్టాలి, ఒక్కరే తినాలి. పక్కన ఇంకొకరుంటే వేట చెడుతుందే తప్ప లాభం లేదు. పైగా అది పొదల చాటున, గట్ల వారన నడుస్తుంది కాబట్టి ఆకాశం నుంచి వచ్చే ముప్పు తక్కువ. మీర్‌క్యాట్ తిండి పురుగులు, వాటి లార్వాలు, తేళ్లు. ఇవి ఇసుకలో చెల్లాచెదురుగా ఉంటాయి, ఒకరు తవ్వి తింటే పక్కవారికి పెద్దగా తగ్గిపోవు. అయితే వాటిని తవ్వడానికి తల ఇసుకలో పెట్టాలి. బహిరంగ నేల మీద, తల కిందికి పెట్టి, ముప్పావు కిలో బరువుతో బతికే జంతువుకు పైనుంచి గద్ద, పక్కనుంచి నక్క వచ్చేది కనిపించదు. చుట్టూ చూసేవాళ్లు ఇంకొందరు ఉండక తప్పదు. రెండు మూడింటి నుంచి యాభై దాకా ఉండే గుంపులు ఏర్పడడానికి పరిశోధకులు చెప్పే ప్రధాన కారణం ఈ భయమే.

నిటారుగా నిలబడడం కూడా అక్కడి నుంచి వచ్చిందే. వెనుక కాళ్ల మీద లేచి, తోకను మూడో కాలులా నేలకు ఆనించి, గడ్డి మీదుగా దూరం చూడడం దాని అవసరం. కళ్ల చుట్టూ ఉన్న నల్లటి మచ్చలు ఎండ తళుకును తగ్గిస్తాయి. తెల్లవారగానే బొరియల్లోంచి బయటికి వచ్చి అవన్నీ వరసగా తూర్పుకు పొట్ట చూపుతూ నిలబడే దృశ్యాన్ని ఫొటోల్లో చూడనివారు తక్కువ. అది ప్రార్థనలాగానో, సైనికుల హాజరులాగానో కనిపించడం చూసేవారి ఊహ. పొట్ట మీద బొచ్చు పలచగా, చర్మం నల్లగా ఉంటుంది. ఎడారి రాత్రి చలికి చల్లబడిన ఒళ్లు అక్కడి నుంచి ఎండను తొందరగా పీల్చుకుంటుంది. రెండు కాళ్ల మీద నిలబడి, ముందు కాళ్లు పొట్ట మీద చేతుల్లా పెట్టుకుని, ముందుకు చూసే కళ్లతో తల తిప్పే జంతువును మనిషి తనలాంటిదిగా చూడకుండా ఉండలేడు. మన ముంగిస అదే ముఖంతో, అదే చురుకుతో ఉన్నా నేలకు అంటుకుని గట్టు దాటేస్తుంది. చూసేవాడికి దాని వీపు, తోక తప్ప మిగలవు. అందుకేనేమో దానికి వేషం దొరికింది కానీ మాట దొరకలేదు.

మీర్‌క్యాట్ గురించి అందరికీ తెలిసిన సంగతి దాని కాపలా. గుంపు తిండి తవ్వుకుంటున్నప్పుడు ఒకటి చెదపుట్ట మీదికో, ఎండిన కొమ్మ మీదికో ఎక్కి చుట్టూ చూస్తుంది. తాను కాపలా ఉన్నానని మిగతావాటికి తెలిసేలా చిన్నచిన్న కూతలు వేస్తూనే ఉంటుంది. ఆ కూతలు వినిపిస్తున్నంతసేపు తవ్వేవి తలెత్తి చూడడం తగ్గిస్తాయి. చాలాకాలం దీన్ని త్యాగంగా చెప్పారు: అందరూ తింటుంటే ఒకటి ఆకలితో, ప్రాణాపాయంలో నిలబడుతుందని. 1999లో క్లటన్-బ్రాక్ బృందం ప్రచురించిన అధ్యయనం ఈ బొమ్మను మార్చింది. కాపలాకు వెళ్లేది పొట్ట నిండిన జంతువే. గుడ్డు తినిపించి పొట్ట నింపితే కాపలా సమయం పెరిగింది. కాపలా ఉన్నది ముప్పును అందరికంటే ముందు చూస్తుంది, తప్పించుకునే బొరియ సాధారణంగా దానికి దగ్గర్లోనే ఉంటుంది. వంతులవారీగా ఎవరూ పంచకపోయినా వంతులు ఏర్పడడానికి కారణం కూడా ఇదే. ఒకటి చూస్తున్నప్పుడు రెండోది చూసినా లాభం తక్కువ, కాబట్టి అది తినడానికి పోతుంది. త్యాగం అనే మాట లేకుండానే గుంపంతా క్షేమంగా ఉండే ఏర్పాటు తయారైంది. కథగా ఇది కొంచెం చప్పగా ఉండవచ్చు, కానీ ఒక వ్యవస్థ పనిచేసే తీరుగా చూస్తే త్యాగం కంటే ఇదే అబ్బురంగా తోస్తుంది.

ముప్పు నిజంగా వచ్చినప్పుడు వేసే కూతలను మార్తా మాన్సర్ అనే శాస్త్రవేత్త విడదీసి చూపారు. ఆకాశం నుంచి వచ్చే శత్రువుకు ఒక కూత, నేల మీద వచ్చేదానికి ఇంకొకటి, పాము కనిపించినప్పుడు అందరినీ దగ్గరికి పిలిచే కూత మరొకటి. శత్రువు ఎంత దగ్గరగా ఉంది, ఎంత తొందరపడాలి అన్నది కూడా ఆ కూత స్వరంలోనే తెలుస్తుంది. గద్ద కూతకు పారిపోతాయి, పాము కూతకు మాత్రం తోకలు పైకెత్తి గుంపుగా ఎదురు వెళతాయి.

ఈ నమ్మకాన్ని కాజేసే దొంగ కూడా కలహారిలో ఉన్నాడు. మన దగ్గర గేదెల వీపు మీద కూర్చునే పసులపోలిగాడి దగ్గరి బంధువైన ఒక నల్లపిట్ట మీర్‌క్యాట్‌ల వెంటే తిరుగుతూ, నిజంగా గద్ద వచ్చినప్పుడు హెచ్చరిస్తుంది. అవి దాని హెచ్చరికను నమ్మి బొరియల్లో దూరుతాయి. పెద్ద పురుగు ఏదైనా తవ్వి తీసిన సమయం చూసి, గద్ద లేకుండానే అదే హెచ్చరిక చేస్తుంది. మీర్‌క్యాట్ పరుగెత్తగానే పురుగు పిట్టకు దక్కుతుంది. ఒకే అబద్ధం పదేపదే చెబితే నమ్మరు కాబట్టి కూతలు మారుస్తుంది, ఇతర జంతువుల హెచ్చరికలను, మీర్‌క్యాట్‌ల సొంత కూతనూ అనుకరిస్తుంది. ఈ సంగతి 2014లో సైన్స్ పత్రికలో వచ్చింది. నక్కలూ కాకులూ నిండిన మన పాత నీతికథల్లో దీనికి చోటు సులువుగా దొరికేది, కానీ మీర్‌క్యాట్ మీద తీసిన పెద్ద సినిమాలేవీ దీన్ని వాడుకున్నట్టు లేదు.

పాఠం చెప్పే జంతువుగా కూడా మీర్‌క్యాట్‌కు పేరుంది, ఆ పేరు న్యాయంగానే వచ్చింది. పిల్లలు సుమారు మూడు వారాలకు బొరియ బయటికి వస్తాయి, ఆ తరవాత పెద్దల వెంట పడి అరుస్తూ తిండి అడుగుతాయి. తేలు వాటి ముఖ్య ఆహారాల్లో ఒకటి, కానీ కొండి కుడితే పిల్ల ప్రాణానికే ముప్పు. 2006లో అలెక్స్ థార్న్‌టన్, కేథరిన్ మెకాలిఫ్ చూపినదాని ప్రకారం, చిన్నపిల్లకు పెద్దలు చచ్చిన తేలును ఇస్తాయి. కొంచెం ఎదిగాక కొండి కొరికి తీసేసిన బతికున్న తేలును ఇస్తాయి. ఇంకా ఎదిగాక కొండితో సహా ఇస్తాయి. ఇచ్చి ఊరుకోకుండా పక్కనే ఉండి చూస్తాయి, పిల్ల వదిలేస్తే ముక్కుతో మళ్లీ దాని ముందుకు నెడతాయి. పిల్ల వయసును పెద్దలు దాని అరుపును బట్టి గుర్తిస్తాయి. చిన్నపిల్లలున్న గుంపుకు పెద్దపిల్లల అరుపు రికార్డు చేసి వినిపిస్తే బతికున్న తేళ్లు తేవడం ఎక్కువైంది. అంటే పిల్లకు ఎంత వచ్చిందో తెలుసుకుని నేర్పడం కాదు, ఒక శబ్దానికి స్పందించడం. అయినా పిల్ల నేర్చుకుంటుంది, నేర్పినదానికి సమయం ఖర్చవుతుంది. బోధన అనడానికి శాస్త్రం పెట్టుకున్న షరతులు ఇవే.

ఇంతవరకు చెప్పినదంతా తెర మీద చూపదగినదే. ఇక మీదటిది కొంచెం కష్టం. గుంపులోని పిల్లల్లో అత్యధిక భాగం ఒకే ఆడ మీర్‌క్యాట్ కన్నవే. మిగతా ఆడవి చాలావరకు దాని కూతుళ్లు, చెల్లెళ్లు. అవి గర్భం దాలిస్తే, పెత్తనం చేసే ఆడది, ముఖ్యంగా తానూ ఈనడానికి సిద్ధంగా ఉన్నప్పుడు, వాటిని కొరికి, వెంటబడి గుంపు నుంచి తరిమేస్తుంది. తరిమినవాటికి కాపలా లేదు, బొరియ లేదు. ఆ ఒత్తిడికి తరచూ గర్భం పోతుంది, ఒళ్లు చిక్కుతుంది. కొద్ది వారాల తరవాత కొన్నింటిని తిరిగి రానిస్తుంది. అప్పుడు అవి తమను తరిమినదాని పిల్లలను కాపలా కాస్తాయి, కొన్నిసార్లు పాలు కూడా ఇస్తాయి. తరమకుండా మిగిలినది గుంపులోనే ఈనితే, ఆ పిల్లలను పెత్తందారు చంపడం మామూలే. అవకాశం దొరికితే కింది ఆడవి కూడా పెద్దదాని పిల్లలను చంపుతాయి. పొరుగు గుంపుతో సరిహద్దు తగాదా వచ్చినప్పుడు అవతలి బొరియలో దొరికిన పిల్లలు బతకడం కష్టం.

2016లో హోసే మరియా గోమెజ్ బృందం నేచర్ పత్రికలో వెయ్యికి పైగా క్షీరద జాతులను పోల్చింది. సొంత జాతి చేతిలో చనిపోయేవాటి నిష్పత్తి అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది మీర్‌క్యాట్‌లోనే అని తేలింది. వాటి చావుల్లో సుమారు 19 శాతం తోటి మీర్‌క్యాట్‌ల వల్లనే, అందులో పెద్ద భాగం పిల్లలవి. ఆ వార్త వచ్చినప్పుడు పత్రికలు దీన్ని ‘హంతక జంతువు’ అని రాశాయి. నవ్వించే స్నేహితుడి నుంచి హంతకుడి దాకా వెళ్లడానికి ఒక్క శీర్షిక చాలింది. ఈ రెండు చిత్రాలూ ఒకే పొరపాటు చేస్తున్నాయన్నది ఈ వ్యాసం అభిప్రాయం. రెండూ మీర్‌క్యాట్‌ను మంచి చెడుల కొలతకు పెట్టిన మనిషిగా చూస్తున్నాయి.

కలహారిలో సహకారం, హింస రెండు వేర్వేరు విషయాలు కావు. ఒక ఈతలో మూడు నుంచి ఆరు పిల్లలు పుడతాయి. వాటిని రోజంతా బొరియ దగ్గర ఎవరో కాయాలి, కాసినది ఆ రోజు తినదు, బరువు తగ్గుతుంది. బొరియ విడిచాక కూడా నెలల తరబడి ఎవరో ఒకరు తవ్వి పెట్టాలి. సహాయకులు ఎంత ఎక్కువమంది ఉంటే పిల్లలు అంత బరువు పెరుగుతాయి, పెద్దయ్యాక అంత బాగా బతుకుతాయి. అంటే సహాయం విలువైన వస్తువు, దానికి కొరత ఉంది. కొరత ఉన్నచోట దాన్ని తన పిల్లలకే దక్కేలా చేసుకోగలిగినది మిగతావాటి పిల్లలను అడ్డు తొలగిస్తుంది. ఆ సహాయం అంత గొప్పది కాకపోతే, దాని కోసం అంత కొట్లాట ఉండేది కాదు. తోబుట్టువుల్లో ఎవరు ముందు వరసలో ఉండాలన్న పోటీ ఎంత నిశితంగా ఉంటుందో 2016లోనే మరో ప్రయోగంలో తేలింది. ఒకే ఈతలో పుట్టిన రెండు అన్నదమ్ముల్లోనో అక్కచెల్లెళ్లలోనో తేలికైనదానికి గుడ్డు పెట్టి బరువు పెంచితే, బరువైనది తానూ ఎక్కువ తవ్వి తిని, వెనకబడకుండా తన ఎదుగుదలను పెంచుకుంది. పక్కదాని ఒడ్డూ పొడుగూ చూసి తన తిండిని లెక్క వేసుకునే జంతువు గురించి చెప్పుకోవడానికి స్నేహితుడు, హంతకుడు అనే రెండు మాటలూ చాలవు.

దీన్ని కథల వైపు తిప్పి చూస్తే, 1994 నాటి మొదటి ‘లయన్ కింగ్’ చేసిన మొదటి పని మీర్‌క్యాట్‌ను దాని గుంపులోంచి విడదీయడం. ఒంటరి మీర్‌క్యాట్ ఎక్కువ కాలం బతకదు, కానీ ఒంటరివాడికే స్నేహితుడు కావాలి కాబట్టి కథకు అది తప్పలేదు. రెండోది, దాన్ని తూర్పు ఆఫ్రికా గడ్డిభూముల్లో పెట్టడం. ఆ సినిమా బొమ్మలకు ప్రేరణ కెన్యా, అక్కడ మీర్‌క్యాట్ లేదు. విచిత్రమేమంటే, అడవిపందితో దాని స్నేహం పూర్తిగా కల్పన అనలేం. ఉగాండాలోని క్వీన్ ఎలిజబెత్ జాతీయ పార్కులో చారల ముంగిసల గుంపులు అదే రకం అడవిపందుల ఒంటి మీదికెక్కి పిడుజులు ఏరి తింటాయి, పంది వాటి కోసం కదలకుండా పడుకుంటుంది. సినిమా జంట నిజంగానే ఉంది, కాకపోతే పాత్రధారి మీర్‌క్యాట్ కాదు, దాని దాయాది. 2012లో వచ్చిన ‘లైఫ్ ఆఫ్ పై’లో వేలాది మీర్‌క్యాట్‌లు నిండిన దీవి ఇంకో దారి పట్టింది. అక్కడ అవి పులిని చూసినా బెదరవు. భయం తీసేస్తే మీర్‌క్యాట్‌లో మిగిలేది ఏమిటన్నది పెద్ద ప్రశ్నే, ఎందుకంటే దాని నిలబడడం, కూత, గుంపు అన్నీ భయంలోంచి వచ్చినవే.

వీటన్నిటికంటే శ్రద్ధగా చూడదగినది 2005 నుంచి 2008 దాకా అనిమల్ ప్లానెట్‌లో వచ్చిన ‘మీర్‌క్యాట్ మేనర్’ అనే ధారావాహిక. కురుమాన్ అధ్యయనంలోని గుంపులనే చిత్రీకరించి, జంతువులకు పేర్లు పెట్టి, కుటుంబ కథగా చెప్పారు. విస్కర్స్ అనే గుంపుకు పెత్తందారు ఫ్లవర్. కూతుళ్లను తరమడం, అల్లుళ్లలాంటి మగవి రాత్రిళ్లు చాటుగా రావడం, పొరుగు గుంపుతో యుద్ధాలు దాచకుండా చూపారు. ఆ మాటకొస్తే మన టీవీ అత్తాకోడళ్ల సీరియల్‌కు అలవాటుపడిన ప్రేక్షకుడికి అందులో కొత్తగా నేర్చుకోవలసినది తక్కువ. ఆ ధారావాహిక బలమూ లోపమూ అక్కడే ఉన్నాయి. హింసను దాచలేదు, కానీ దాన్ని పగగా, అసూయగా, పశ్చాత్తాపంగా వ్యాఖ్యానించింది. 2007లో ఫ్లవర్ పిల్లలను కాపాడుకునే ప్రయత్నంలో నాగుపాము కాటుకు చనిపోయినప్పుడు అనేక దేశాల ప్రేక్షకులు దుఃఖించారు, కాపాడలేదని కొందరు కోపగించారు. శాస్త్రవేత్తలు అడవి జంతువుల జీవితంలో జోక్యం చేసుకోకూడదన్న నియమం, పేరు పెట్టుకుని ప్రేమించిన ప్రేక్షకుడికి నిర్దయగా కనిపించింది. పేరు ఇచ్చిన కథే ఆ చిక్కునూ తెచ్చింది.

కథ తెర దాటి వచ్చినప్పుడు నష్టం జంతువుకే. బ్రిటన్‌లో 2009 నుంచి బీమా ధరలు పోల్చే ఒక సంస్థ ప్రకటనల్లో కోటు వేసుకుని మాట్లాడే మీర్‌క్యాట్ ప్రసిద్ధి చెందింది. ఇళ్లలో మీర్‌క్యాట్‌ను పెంచుకోవాలన్న మోజు పెరుగుతోందని అక్కడి జంతు సంక్షేమ సంస్థలు హెచ్చరించవలసి వచ్చింది. గుంపు లేకుండా ఇంట్లో ఒంటరిగా పెరిగిన మీర్‌క్యాట్ కొరుకుతుంది, ఇల్లంతా తవ్వుతుంది, వాసన గుర్తులు పెడుతుంది. మన దగ్గర దీనికి పోలిక వెతకడానికి దూరం పోనక్కరలేదు. దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమన్న నమ్మకం తెలంగాణ ఊళ్లన్నిటా ఉంది, అది మన రాష్ట్ర పక్షి కూడా. పొలానికో చెరువు గట్టుకో వెళ్లి చూడవలసిన పిట్టను పట్టి, బోనులో పెట్టి, డబ్బు తీసుకుని చూపించే వ్యాపారం ఆ నమ్మకం మీదే పుట్టింది. వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరమని అటవీ శాఖ చెబుతూనే ఉంది.

మళ్లీ మన ముంగిస దగ్గరికి వస్తే, పాత కథలు దాన్ని మనిషిని చేయలేదన్నది గమనించదగిన సంగతి. పంచతంత్రంలోని అపరీక్షితకారకంలో ముంగిస ఉయ్యాలలోని పసిబిడ్డను కాపాడడానికి పామును చంపి, నెత్తుటి మూతితో వాకిట్లోకి వస్తుంది. తల్లి తొందరపడి దాన్ని చంపుతుంది. ముంగిస చేసినదంతా ముంగిస చేయగలిగినదే, తప్పు చేసింది మనిషి. తిక్కన తెలుగు చేసిన పర్వాల్లో ఒకటైన అశ్వమేధ పర్వంలో ముంగిస మాట్లాడుతుంది, నిజమే. కానీ సక్తుప్రస్థుడనే పేద బ్రాహ్మణుడి ఇంట అతిథికి పెట్టిన పిండిలో పొర్లి సగం ఒళ్లు బంగారమైన ఆ ముంగిస, ధర్మరాజు యాగశాలకు వచ్చి మిగతా సగం బంగారం కాలేదని చెప్పడానికే మాట్లాడుతుంది. అక్కడ జంతువు రాజును తూచే త్రాసు. నేటి తెర కథలు జంతువును మనిషి బట్టల్లో పెట్టి మనకు దగ్గర చేస్తాయి. ఆ పాత కథలు జంతువును జంతువుగానే ఉంచి మనిషిని దాని ఎదుట నిలబెట్టాయి. రెండో పద్ధతిలో జంతువుకు అన్యాయం తక్కువ జరుగుతుందని ఒప్పుకోవాలి.

అలాగని మన కథలు ముంగిసను పూర్తిగా సరిగా చూశాయని కాదు. పాముతో పోరాడి కాటు తిన్న ముంగిస ఏదో మూలిక నమిలి తిరిగి వస్తుందన్న మాట పల్లెల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. అసలు కారణం దాని కండరాల్లోనే ఉంది. నాగుపాము విషంలోని నరాలను స్తంభింపజేసే పదార్థం కండరం మీద నరాల సంకేతాన్ని అందుకునే భాగానికి, అంటే ఒక గ్రాహకానికి, అంటుకుని పనిచేస్తుంది. ముంగిసలో ఆ గ్రాహకం ఆకారం కొద్దిగా మారి ఉండడం వల్ల విషం అంటుకోదని ఈజిప్టు ముంగిస మీద చేసిన పరిశోధన 1992లో చూపింది. దానికి తోడు నిక్కబొడుచుకునే బొచ్చు, కాటును తప్పించే వేగం. రక్తపింజర విషం వేరే దారిలో పనిచేస్తుంది కాబట్టి ఆ గ్రాహకపు మార్పు దానికి కవచం కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, పాము దాని తిండిలో చిన్న భాగమే. పొలంలో అది ఎక్కువగా తినేది ఎలుకలను, పురుగులను, బల్లిజాతి ప్రాణులను.

ఈ చిన్న సంగతిని పట్టించుకోకపోవడం వల్ల జపాన్‌కు పెద్ద నష్టం కలిగింది. హాబు అనే విషసర్పం బెడద తీరుతుందని 1910లో మన దేశపు చిన్న ముంగిసలను ఒకినావా దీవికి తీసుకెళ్లి వదిలారు. ముంగిసకూ హాబుకూ పోరు పెట్టి చూపించడం అక్కడ జనాకర్షణ కూడా అయింది. 1979లో ఆ ముంగిసల్లోనే ముప్పై దాకా అమామి దీవిలో వదిలారు. హాబు రాత్రి తిరుగుతుంది, ముంగిస పగలు తిరుగుతుంది. రెండూ ఎదురుపడే సందర్భమే అరుదు. ముంగిసలు పామును వదిలి, ఎక్కువ పారిపోలేని అమామి కుందేళ్లను, ఆ దీవుల్లో తప్ప ఇంకెక్కడా లేని కప్పలను, పక్షులను తిన్నాయి. వేల సంఖ్యకు పెరిగిన వాటిని ఉచ్చులతో, శిక్షణ పొందిన కుక్కలతో దశాబ్దాల పాటు ఏరివేయవలసి వచ్చింది. అమామిలో ముంగిస పూర్తిగా లేకుండా పోయిందని 2024 సెప్టెంబరులో జపాన్ ప్రభుత్వం ప్రకటించింది. అంతకు ముందే, 1872లో, చెరకు తోటల్లో ఎలుకల కోసం కలకత్తా నుంచి జమైకాకు చేరిన ముంగిసల చరిత్ర కూడా ఇదే బాటలో నడిచింది. పాముకూ ముంగిసకూ పుట్టువైరం అన్న మాట కథలో ఉన్నంతకాలం ఎవరికీ హాని చేయలేదు. దాన్ని పథకంగా మార్చినప్పుడే చిక్కు వచ్చింది.

మీర్‌క్యాట్‌కు ఇప్పుడు ఎదురవుతున్న ముప్పులో పాములాంటి పాత్రధారి లేడు. ప్రపంచ స్థాయి జాబితాలో దాన్ని ఆందోళన లేని జాతిగానే లెక్కిస్తున్నారు. అయితే కురుమాన్ అధ్యయనంలో పోగైన బరువుల లెక్కలు చూస్తే, బాగా వేడెక్కిన రోజుల్లో పెద్దవి తవ్వి తినేది తగ్గుతోంది, పిల్లలు పెరగవలసినంత పెరగడం లేదు. వానలు వెనకపడిన ఏళ్లలో పురుగు తగ్గి, ఈతలు తగ్గుతున్నాయి. గుంపుల్లో క్షయవ్యాధి ఉంది. మీర్‌క్యాట్‌లకే ప్రత్యేకమైన ఒక రకం క్షయ సూక్ష్మజీవి ఒకదాని నుంచి మరొకదానికి పాకుతుంది. వేడి తీవ్రమైన కాలాల్లో ఒళ్లు చిక్కిన గుంపులను అది తొందరగా కూలుస్తుందని ఇటీవలి విశ్లేషణలు చెబుతున్నాయి. గుంపు చిన్నదైతే కాపలాకు, పిల్లల పెంపకానికి చేతులు తగ్గుతాయి. అప్పుడు తర్వాతి ఈత పిల్లలు ఇంకా తేలికైన బరువుతో బొరియ దాటి బయటికి వస్తాయి.